హెప్సీబా మూడో వంతు

హెప్సీబా వీలాక్‌ను మంగళవారం పూడ్చిపెట్టాం. బుధవారం పొద్దున్నే, నేను ఇంకా ఆవిడ పక్కబట్టలు ఎండలో వేస్తుండగానే, బ్రాగ్డన్ గారి మనవడు తాళంచెవి కోసం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"రోడా గారూ, ఇల్లు ఇంక మాదే కదండీ" అన్నాడు.

"మీదే నాయనా, ఎవరు కాదన్నారు? మీ తాత కాచుకుని కాచుకుని పోయాడు. మీ నాన్న కాచుకుని కాచుకుని ముసలాడయ్యాడు. నువ్వు ఒక్క పూట ఆగలేకపోయావా?" అన్నాను. నాకు కోపమొస్తే నోరు ఊరుకోదు. మా కోల్బీ కొండ మీద ఆ సంగతి అందరికీ తెలుసు.

కుర్రాడు ముఖం ఎర్రగా చేసుకుని లోపలికొచ్చాడు. ముందు నడవలో మెట్ల దగ్గర ఆగి, మధ్యలో అరిగిపోయిన చెక్కలను చూశాడు. "ఇవేనా ఆ మెట్లు?" అని అడిగాడు. "ఆవిడ మహా మొండి మనిషని తాతగారు చెప్పేవారు."

ఇవే ఆ మెట్లు. మొండి మనిషన్న మాటా నిజమే. కాకపోతే బ్రాగ్డన్ చెప్పింది ఒక పక్క. రెండో పక్క చెప్పడానికి ఇక నేనే మిగిలాను కాబట్టి చెబుతున్నాను.

మొదలు ఆవిడ తల్లి దగ్గరుంది. ఆ తల్లి పేరు తమార్. తమార్ మొగుడు నవ్వుతూ ఓ కాగితం తెచ్చి, పొలం అమ్ముతున్నాను, ఇక్కడ నీ గుర్తు పెట్టు అన్నాడు. ఈవిడా నవ్వుతూ పెట్టేసింది. అదే ఆవిడ చేసిన పొరపాటు. మా న్యూ హాంప్‌షైర్‌లో మొగుడు పోతే, అతని భూమిలోనూ ఇంట్లోనూ కొట్టంలోనూ మూడో వంతు పెళ్లానికి వస్తుంది. అమ్ముకునే హక్కు లేదు, ఇంకొకరికి రాసిచ్చే హక్కూ లేదు. ఊపిరి ఉన్నంతకాలం అందులో ఉండొచ్చు, పండించుకుని తినొచ్చు. కొడుకులు గింజుకున్నా, అప్పులవాళ్లు గొంతు చించుకున్నా ఆ వంతును కదపలేరు. అది పోవాలంటే ఒకటే దారి, ఆవిడే సంతకం పెట్టి వదులుకోవడం. తమార్ అలాగే వదులుకుంది. రెండేళ్లకి మొగుడు జ్వరమొచ్చి పోయాడు.

దిక్కులేనివాళ్లను మా ఊరు వీధిలో వదిలెయ్యదు. అంతకంటే అందమైన పని చేస్తుంది. మార్చి నెల ఊరి సభలో వాళ్లను నిలబెట్టి పాట పెడుతుంది. మామూలు వేలంలో ఎక్కువ చెప్పినవాడిదే పాట, ఇక్కడ తక్కువ చెప్పినవాడిది. వారానికి ఇంతిస్తే ఈవిడకు తిండి పెడతానని ఒకడంటాడు, అంతకంటే తక్కువకే పెడతానని ఇంకొకడంటాడు. అందరికంటే తక్కువ అడిగినవాడు తోలుకుపోతాడు. వాడు పెట్టే తిండి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? తమార్‌ను ఏడాదికొక ఇల్లు చొప్పున తిప్పారు. ఎవడి కొట్టం పక్కనో పోయింది. హెప్సీబాను పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఇంకో ఇంట్లో నూలు వడకడానికి అప్పగించారు. తల్లిని మొదటిసారి బల్ల మీద నిలబెట్టినప్పుడు ఆ పిల్లకు ఏడేళ్లు. తలుపు దగ్గర నిలబడి అంతా చూసిందట.

ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది, ఆపిల్ పళ్లు చెక్కుతూ. చెప్పినంతసేపూ చెక్కుతూనే ఉంది, తొక్క ఒక్కచోటా తెగలేదు. చివర్న "నన్ను మాత్రం ఆ బల్ల ఎక్కించలేరు రోడా" అంది.

ఇలాంటి మనిషికి అమేసా వీలాక్‌తో పెళ్లయింది. అమేసా రెండో పెళ్లివాడు, ఎదిగిన కొడుకు ఉన్నాడు. మొదట ఈవిడ ఆ ఇంట్లో వంటకు కుదిరింది. వంట తిన్నవాడు పెళ్లి చేసుకున్నాడు. ఓసారి కింది పచ్చిక బయలు అమ్ముదామని కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. "నీకు వండిపెడతా, నీ గుడ్డలు ఉతుకుతా, జబ్బు చేస్తే రాత్రీ పగలూ కూర్చుంటా. సంతకం మాత్రం పెట్టను" అందట. ఇంకొకడైతే చెయ్యెత్తేవాడు. అమేసా గడ్డం గోక్కుని, కాగితం పొయ్యిలో పడేశాడు. మా ఆయన జేబెజ్‌కి ఈ ముక్క చెప్పి, "దీనికి నాకంటే బుర్ర ఎక్కువ" అని మురిసిపోయాడు. అమేసా మంచివాడు. యాభై తొమ్మిదికే పోయాడు.

సమాధి మట్టి ఆరకముందే కొడుకు ఏసహెల్ బిగుసుకున్నాడు. చెడ్డవాడని అనను. పొలం పనిలో రాక్షసుడు, పెళ్లాం పిల్లలంటే ప్రాణం. కాకపోతే వాడి కడుపులో ఒకటే మంట. ఈవిడ ఎక్కణ్ణుంచో వచ్చింది, మా అమ్మ ఇంట్లో మూడో వంతు పట్టుకుపోతోంది అని. మూడో వంతు విడదీసి ఇవ్వడానికి జడ్జి గారు ముగ్గురు మనుషుల్ని పంపారు. ఒకరు చర్చి పెద్ద డీకన్ ఓబెడ్, ఒకరు గొలుసు పట్టి పొలం కొలిచేవాడు, మూడోవాడు మా ఆయన. వాళ్లకు వండిపెట్టడానికి నేనూ వెళ్లాను, కాబట్టి ఏ మాట ఎవరన్నారో నా చెవులతో విన్నదే.

పొలం తొందరగా తేలిపోయింది. వాగు పక్క రాళ్ల నేల, ఆపిల్ తోటలో ఓ ముక్క, కొట్టంలో రెండు ఆవులు కట్టేంత చోటు ఆవిడకిచ్చారు. పేచీ అంతా ఇంటి దగ్గర వచ్చింది. మామూలుగా ఇలాంటప్పుడు విధవకు ఓ గది ఇచ్చి, వంటింట్లోంచి బావికి నడిచే హక్కు, రొట్టెల పొయ్యి వాడుకునే హక్కు, నేలమాళిగకు దిగే హక్కు అన్నీ కలిపి రాస్తారు. డీకన్ గారు అలాగే మొదలుపెట్టారు. ఏసహెల్ బల్ల మీద గుద్దాడు.

"అవేమీ రాయొద్దు. పిన్నికి ముందు గది ఇచ్చెయ్యండి. ముందు నడవ, ముందు తలుపు, అన్నీ ఆవిడే ఏలుకోనీండి. నా వంటింట్లో మాత్రం అడుగు పెట్టకూడదు. ఆవిడ భాగంలో మేం తొక్కం, మా భాగంలో ఆవిడ తొక్కకూడదు. అలా రాయండి."

ముందు గదంటే మా ఇళ్లలో పాదిరి గారు వస్తే కూర్చోబెట్టేది, పోయినవాళ్లను పడుకోబెట్టేది. ఉత్తరపు గాలి నేరుగా అందులోకే కొడుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆవిడ రొట్టె ఎక్కడ కాల్చుకోవాలిరా, నీ నెత్తి మీదా?" అన్నాను. మా ఆయన నా వైపు ఓ చూపు చూసి, "ఏసహెల్, బాగా ఆలోచించుకున్నావా? ఇల్లంతా ఓసారి తిరిగి చూసి మరీ చెప్పు" అన్నాడు.

"నేను పుట్టిన ఇల్లు నాకు తిరిగి చూడాలా? రాయండి."

హెప్సీబా మూలన కూర్చుని చిక్కుడుగింజలు ఏరుతోంది. తలెత్తి, "అతను అడిగినట్టే రాయండి డీకన్ గారూ, ఒక్క ముక్క కూడా మార్చొద్దు" అంది. మళ్లీ గింజల్లోకి వంగిపోయింది. బండిలో ఇంటికి వెళ్తుంటే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఎందుకయ్యా అంటే చెప్పడే. "సాయంత్రానికి నీకే తెలుస్తుంది" అంటాడు.

సాయంత్రం ఏసహెల్ భోజనం చేసి, ఆవులిస్తూ వంటింటి తలుపు తీసుకుని నడవలోకి వచ్చాడు. మెట్ల మీద, అన్నిటికంటే కింది మెట్టు మీద, హెప్సీబా మేజోడు అల్లుకుంటూ కూర్చుని ఉంది.

"ఎక్కడికి నాయనా?"

"ఎక్కడికేంటి? పడుకోడానికి."

"ఇది నా నడవ. నా భాగం మీరు తొక్కరని నువ్వే రాయించావు. ఇంకా సిరా కూడా ఆరలేదు."

ఆ ఇంట్లో ఉన్నవి ఆ మెట్లే. పడకగదులు రెండూ పైనే. పైభాగం అంతా ఏసహెల్‌ది, పైకి వెళ్లే దారి హెప్సీబాది! వాడు పుట్టినప్పటి నుంచి రోజూ ఎక్కి దిగిన మెట్లు కాబట్టే వాటి సంగతి వాడికి గుర్తు రాలేదు. గాలి పీల్చుకుంటున్నామని ఎవడైనా గుర్తుపెట్టుకుంటాడా?

వాడు ముందు నవ్వాడు, తర్వాత అరిచాడు, తర్వాత డీకన్ గారి దగ్గరికి పరిగెత్తాడు. డీకన్ గారు చేతులెత్తేశారు. ఇంకేం చేస్తాడు, కొట్టంలోంచి నిచ్చెన మోసుకొచ్చి పడకగది కిటికీకి ఆనించాడు. ఆరడుగుల మనిషి, రాత్రి చొక్కా గాలికి ఎగురుతుంటే, మంచులో నిచ్చెన ఎక్కి కిటికీలో దూరడం! ఊళ్లో పనున్నవాళ్లూ లేనివాళ్లూ ఆ వేళకి వీలాక్ వాళ్ల ఇంటి మీదుగానే బండి తోలేవాళ్లు. మేమూ వెళ్లాం, దాచుకోవడం దేనికి?

పిల్లల్ని మాత్రం హెప్సీబా ఒక్కపూట కూడా ఆపలేదు. మగపిల్లలిద్దరూ ఆవిడ ఒళ్లోంచే మెట్లెక్కేవారు. ఏసహెల్ పెళ్లాం లొవీసా అప్పుడు నిండు నెలలతో ఉంది. మొగుడు నిచ్చెన ఎక్కుతుంటే తాను మెట్లెక్కడం తప్పనుకుని, ఆ పిచ్చిపిల్ల కూడా నిచ్చెన దగ్గరికే బయల్దేరింది. హెప్సీబా ముందు తలుపు తెరిచి ఒక్క కేక పెట్టింది.

"ఏయ్! కడుపుతో ఉండి నిచ్చెన ఎక్కితే కాళ్లు విరగ్గొడతా. ఇటు రా. నాకు పేచీ నీ మొగుడితో, నీతో కాదు. వాణ్ణి మాత్రం నోరు తెరిచి అడగమను."

అడగడానికి వాడికి నెల పట్టింది. నిచ్చెనకు మంచు పట్టి, మూడో మెట్టు విరిగి, వెల్లకిలా మంచుకుప్పలో పడ్డాక టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. "పిన్నీ, మెట్లు..." అని నసిగాడు.

"రొట్టెల పొయ్యి" అంది ఆవిడ. "శనివారం శనివారం. బావి కూడా."

"సరే."

"అయితే ఎక్కు. ఆ బూట్లు విప్పి ఎక్కు, తుడిచేది నేను."

ఒప్పందం కాగితం మీద పెట్టమంటారా అని డీకన్ గారు కబురు పెడితే, అక్కర్లేదు, ఇంట్లోవాళ్ల మధ్య మాట చాలు, పాత కాగితం అలాగే ఉండనీండి అంది. అప్పట్నుంచి శనివారం వచ్చిందంటే అత్తాకోడళ్లు ఒకే పొయ్యిలో చిక్కుళ్ల కుండలు, నల్ల రొట్టె పెట్టేవాళ్లు. రూహామా పుట్టింది. పిల్లకు మొదటి అడుగులు ఆ కింది మెట్టు పట్టుకునే వచ్చాయి. ఆ ఇంట్లో మళ్లీ నవ్వులు వినపడుతున్నాయని నేను మా ఆయనతో అన్నాను కూడా.

అప్పుడు దిగాడు బ్రాగ్డన్. నదీతీరం నుంచి వచ్చినవాడు, ఉన్ని మిల్లు పెడతానన్నాడు. వీలాక్ పొలమూ, వాగూ కావాలన్నాడు. కాకపోతే మొత్తం కావాలి, మధ్యలో విధవ హక్కు ఉన్న నేల వద్దన్నాడు. ఆవిడ సంతకం తెస్తే మంచి ధర, లేకపోతే లేదన్నాడు.

ఏసహెల్ ఈసారి గుద్దలేదు. హెప్సీబా గదిలోకి వచ్చి, పొయ్యి పక్కన చిన్నపిల్లాడిలా మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేనక్కడే ఉన్నాను, దుప్పటి కుడుతున్నాం.

"పిన్నీ, ఒహైయో పోదాం. అక్కడ నాగలికి రాయి తగలదంట. నిన్ను తల మీద పెట్టుకుని చూసుకుంటా. మా అమ్మ అయితే ఎలా చూసుకుంటానో అలా."

ఆవిడ సూది ఆపింది. వాడి జుట్టు సవరించింది. "నువ్వు చూసుకుంటావు ఏసహెల్. ఆ మాట నమ్ముతున్నా. నువ్వు బతికున్నంతవరకు చూసుకుంటావు. నువ్వు పోతే?"

"నేనెందుకు పోతాను? నాకు ముప్పై అయిదు!"

"మా నాన్నా అదే అన్నాడు" అంది ఆవిడ.

వాడు లేచి వెళ్లిపోయాడు. తలుపు విసిరిన చప్పుడుకి నా చేతిలో సూది గుచ్చుకుంది. "అక్కా, మరీ అంత కచ్చితంగా ఉండాలా? కన్నకొడుకులా అడిగాడు" అన్నాను. "కన్నకొడుకు అడిగినా ఇదే చెప్పేదాన్ని. నాకున్న గోడ ఇదొక్కటే రోడా. దీన్ని కూల్చి వాడికి వంతెన కట్టమంటే ఎలా?" అంది.

సంతకం దొరక్కపోయేసరికి ఏసహెల్ తన రెండు వంతులనే బ్రాగ్డన్‌కి తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో కలప వ్యాపారంలో దిగుదామనుకున్నాడు. తాకట్టుకి లొవీసా సంతకం కావాలి. ఎందుకంటే ఆ రెండు వంతుల్లో రేపు మొగుడు పోతే ఆవిడకూ మూడో వంతు ఉంటుంది కదా. ఆ శనివారం పొయ్యి దగ్గర హెప్సీబా పిండి పిసుకుతూ, ముఖం ఎత్తకుండానే అంది.

"పెట్టకు లొవీసా. ఏడుస్తాడు, అలుగుతాడు, నాలుగు రోజులు తిండి మానేస్తాడు. పెట్టకు."

లొవీసా కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. "మీకు మనుషుల మీద నమ్మకం లేదు అత్తయ్యా. మీకు కాగితం మీదే నమ్మకం. నాకు మా ఆయన మీద నమ్మకం ఉంది, ప్రేమ ఉంది. మీకు అది తెలీదు."

హెప్సీబా రొట్టె పొయ్యిలో పెట్టి, చేతులు కడుక్కుని, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ మాట ఆవిడకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. లొవీసా సంతకం పెట్టింది.

వసంతంలో మంచు కరిగి నది పొంగినప్పుడు దుంగల్ని నీళ్లలోకి వదులుతారు. దుంగల మధ్య కాలు జారిన ఏసహెల్ ఇక పైకి రాలేదు. ఆ చావు గురించి ఇంతకంటే చెప్పలేను, పుట్టినప్పుడు వాణ్ణి చేతుల్లోకి తీసుకున్నది మా అమ్మే. అప్పు తీర్చేవాడు లేక, కోతలయ్యేసరికి తాకట్టులోని రెండు వంతులూ బ్రాగ్డన్‌వి అయిపోయాయి. లొవీసాకు మిగిలింది ముగ్గురు పిల్లలు, ఓ ట్రంకుపెట్టె.

హెప్సీబా గది తలుపు తీసే ఉంచింది. లొవీసా రాలేదు. ఏ ముఖం పెట్టుకుని వస్తుంది? తెల్లారకముందే వంటింటి దారిన పిల్లల్ని తీసుకుని పక్క రాష్ట్రం వెర్మాంట్‌లో అన్న దగ్గరికి వెళ్లిపోయింది. ముందు కిటికీలోంచి బండి వెళ్తుంటే చూశానని హెప్సీబా చెప్పింది. "పిలవకపోయావా?" అంటే, "పిలిచాను, తలుపు తీసి. రానిదాన్ని ఈడ్చుకు రావాలా?" అని కసిరింది. ఆ చలికాలమంతా అంత ఇంట్లో ఒక్కతే ఉంది. పైన ఖాళీ, వంటింటికి బ్రాగ్డన్ తాళం. రొట్టె మా ఇంట్లోనే కాల్చేదాన్ని. తెచ్చి ఇస్తే, "పిల్లలు ఏం తింటున్నారో" అనేది. వేరే మాట ఉండేది కాదు.

మార్చి సభ రోజున నేనూ ఆవిడా చిక్కుళ్లూ అల్లం రొట్టె పట్టుకుని వెళ్లాం. సభలో ఆడవాళ్లకి నోరు లేదు. వెనక బల్లల దగ్గర వడ్డించడానికి మాత్రం చేతులుంటాయి. మేం కుండలు దింపుతుంటే ఊరి పేదల బాగోగులు చూసే పెద్దమనిషి స్లెడ్జి, మంచు మీద జారే బండి, వచ్చి ఆగింది. అందులోంచి లొవీసా దిగింది, చంకలో రూహామా, వెనక మగపిల్లలిద్దరూ. అన్న ఊరివాళ్లు, ఈవిడ మొగుడి ఊరు మాది కాదు, పోషించే పూచీ మాకు లేదు అని సరిహద్దు దాకా తెచ్చి అప్పగించారట. నా చేతిలో గరిటె కింద పడింది. 

ముందు, ఊరి మీద తిరిగే పందుల్ని పట్టే కాపలాదారును ఎన్నుకున్నారు. తర్వాత వంతెన మరమ్మతు మాట రావాలి. ఆ రెండింటి మధ్యలో డీకన్ ఓబెడ్ గొంతు సవరించుకున్నారు. "ఏసహెల్ వీలాక్ భార్య, పిల్లలు. మగపిల్లల్ని వేరువేరుగా పనికి అప్పగిద్దాం. తల్లినీ పసిదాన్నీ ఏడాదికి ఎవరు సాకుతారు? పాడండి."

లొవీసా బల్ల ఎక్కింది. ఒకడు లేచి, చేతులు ఇటు చూపించమ్మా, పాలు పితకగలవా అన్నాడు. ఆవిడ చూపించింది. వారానికి డాలరని ఒకడు, ముప్పావని ఒకడు. చేతులు చూసినవాడు, "అర డాలరుకి మనిషిని తీసుకుంటా. ఆ పసిపిల్ల నాకొద్దు, దానికి పని రాదు" అన్నాడు. లొవీసా రూహామాను ఇంకా గట్టిగా హత్తుకుంది. అర డాలరు ఒకటోసారి అన్నారు డీకన్ గారు.

"ఏమీ అక్కర్లేదు!"

అంత గొంతు ఆవిడకుందని నాకు తెలీదు. మగవాళ్లందరి తలలూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. హెప్సీబా ఏప్రన్ విప్పి నా చేతిలో పెట్టి, బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ ముందుకు వెళ్లింది.

"ఒక్క సెంటు అక్కర్లేదు డీకన్ గారూ. నలుగురినీ తీసుకుంటా. విడివిడిగా కాదు, నలుగురినీ. ఇంతకంటే తక్కువకి పాడేవాళ్లుంటే పాడమనండి."

"హెప్సీబా గారూ, సభలో ఆడవాళ్లు మాట్లాడకూడదమ్మా" అన్నారు డీకన్ గారు, నెమ్మదిగానే.

"పన్ను వసూలుకొచ్చేవాడు నా తలుపు కొట్టినప్పుడు, లోపలుంది ఆడదా మగాడా అని అడగడే! నాకు మూడో వంతు నేలుంది, దానికి పన్ను కడుతున్నా. మూడో వంతు నోరైనా ఉండాలా వద్దా? అంతే వాడాను."

ఎవడో పకపకా నవ్వాడు. మా ఆయనే అని తర్వాత తెలిసింది. అప్పుడు బ్రాగ్డన్ లేచాడు. "సాకడానికి చోటేదీ? ఆవిడకున్నది ఒక గది. ఇంట్లో మిగతాదంతా నాది. పైగదుల్లో నా గొర్రెల కాపరుల్ని పెడుతున్నాను."

"పెట్టుకోండి బ్రాగ్డన్ గారూ. పైగదులు మీవే. మెట్లు మాత్రం నావి. నా భాగం మీద నడిచే హక్కు మీకు లేదని ఏసహెల్ రాయించిపోయాడు, మీ చేతికొచ్చింది అతని వంతే. నిచ్చెన కొట్టంలో ఉంది. మూడో మెట్టు విరిగింది, జాగ్రత్తగా ఎక్కమనండి."

సభ సభంతా పడీపడీ నవ్వింది. ఆ నిచ్చెన చూడనివాడు ఆ ఊళ్లో ఎవడున్నాడు గనక! బ్రాగ్డన్ వ్యాపారం తెలిసినవాడు, నలుగురిలో నవ్వులపాలై కోర్టుకెక్కేంత తెలివితక్కువవాడు కాదు. హెప్సీబాను నెత్తి నుంచి కాళ్లదాకా చూశాడు. నెరిసిన జుట్టు, చలికాలమంతా సరిగ్గా తినక వడిలిన ముఖం. "నాకు కావలసింది వాగూ పచ్చికా. ఆ కొంపంతా ఆవిడ పోయేదాకా ఆవిడే వాడుకోనీండి, వంటింటితో సహా. ఎన్నాళ్లులే" అన్నాడు.

"క్లర్కు గారూ, రాసుకోండి. పోయేదాకా అన్నారు" అంది హెప్సీబా వెంటనే.

రాసుకున్నారు. ఆ 'ఎన్నాళ్లులే' ముప్పై మూడేళ్లయింది. బ్రాగ్డన్ బతికున్నంతకాలం ప్రతి చలికాలం అయ్యాక ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందని మర్యాదగా కబురు పెట్టేవాడు. ఈవిడ నిక్షేపంలా ఉన్నానని చెప్పి, ఓ రొట్టె పంపేది.

సభ నుంచి మా స్లెడ్జి మీదే తీసుకొచ్చాం. మా ఆయన తోలుతున్నాడు. పిల్లలు చిక్కుళ్ల కుండ మీద పడి తింటున్నారు. లొవీసా కొంతదూరం బిగబట్టుకుని కూర్చుంది, తర్వాత ఒక్కసారిగా భోరుమంది.

"ఎందుకు చేశారు అత్తయ్యా? మీకు ప్రేమంటే తెలీదని అన్నాను కదా. ఆ నోటితోనే అన్నాను కదా!"

హెప్సీబా రూహామా కాళ్లకు తన శాలువా చుడుతోంది. చుట్టడం అయ్యాక చెప్పింది.

"మా అమ్మ అదే బల్ల ఎక్కింది. నేను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కడి నోటికేసీ చూశాను. ఎవడో ఒకడు ఏమీ అక్కర్లేదు అంటాడనుకున్నా. అంతమందిలో ఒక్కడైనా అంటాడనుకున్నా. ఎవడూ అనలేదు. ఆ మాట ఇన్నేళ్లూ నా గొంతులోనే ఉండిపోయింది. ఇవాళ అనేశాను."

నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. మా ఆయన గుర్రాన్ని ఊరికే అదిలించాడు.

ఇంటి దగ్గర హెప్సీబా ముందు తలుపు తెరిచింది. మా ఇళ్లలో పెళ్లికో పాదిరికో శవపేటికకో తప్ప ఆ తలుపు తెరవరు. మగపిల్లలిద్దరూ పరుగెత్తుకుంటూ వెళ్లి దడదడమని మెట్లెక్కేశారు. పై గదుల్లో వాళ్ల అరుపులు వినపడుతున్నాయి. లొవీసా రూహామాను ఎత్తుకుని నడవలోకి వచ్చింది, కింది మెట్టు దగ్గర ఆగిపోయింది. తల వంచుకుంది.

"అత్తయ్యా, ఎక్కొచ్చా?"

"ఇంకోసారి ఆ మాట అడిగావంటే కాళ్లు విరగ్గొడతా" అంది హెప్సీబా. "ఎక్కు. పిల్లకి చలేస్తోంది."